కాలేజీలో ఇంకా ఫాంట్ ట్యాగ్, ఫ్రేమ్‌సెట్ చెబుతున్నారు. ఈ వెబ్ డిజైన్ పేపరు దేనికైనా పనికొస్తుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు బీఎస్సీ కంప్యూటర్స్ రెండో సంవత్సరం. వెబ్ డిజైన్ పేపర్లో అక్షరాల రంగు, సైజు మార్చే ఫాంట్ ట్యాగ్, అక్షరాలను కదిలించే మార్క్యూ, పేజీని ముక్కలుగా విడగొట్టే ఫ్రేమ్‌సెట్ చెబుతున్నారు. ఇవన్నీ పాతబడిపోయాయి కదా సార్ అంటే "పరీక్షకు వస్తాయి, రాసెయ్ తల్లీ" అన్నారట. సెమిస్టర్ వృథాయేనా, అమీర్‌పేటలో కోర్సులో చేరాలా, వచ్చే నెల ప్రాక్టికల్స్‌కు ఏం చూసుకోవాలి అని అడిగారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. వృథా కాదు. అలాగని సిలబస్ అంతా పనికొస్తుందనీ అనను, అందులో సగం పరీక్ష రాసి మర్చిపోవచ్చు. ఇప్పుడప్పుడే డబ్బు కట్టి కోర్సులో చేరకండి. మీకు తెలిసిన ఒక మనిషికి నిజంగా అవసరమైన ఒక్క పేజీ చేసి, వాళ్ల ఫోన్‌లో వాళ్ల చేతే తెరిపించండి. కోర్సు కావాలో వద్దో, కావాలంటే ఏది కావాలో ఆ తర్వాత మీకే తెలుస్తుంది.

నేనూ బీఎస్సీయే, ప్రకాశం జిల్లాలో, 2009లో పూర్తయింది. అప్పటి నుంచి వెబ్‌సైట్లు చేసే పనే. కొన్నేళ్లుగా మా ఆఫీసులో కొత్తగా చేరే పిల్లల్ని ఇంటర్వ్యూ చేసేదీ, మొదటి మూడు నెలలు వాళ్ల వెంట ఉండేదీ నేనే. కాబట్టి రెండు వైపులా చూసినవాడిగా రాస్తున్నాను.

మాకూ ఇంచుమించు ఇదే సిలబస్. ఇరవై సిస్టమ్‌లు, నలభై మంది, నోట్‌ప్యాడ్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్. ఒకడు టైపు చేస్తుంటే పక్కవాడు "స్లాష్ పెట్టలేదు చూడు" అని వేలు పెట్టి చూపించేవాడు. రికార్డులో కుడి పేజీలో కోడ్ రాసి, ఎడమ పేజీలో అవుట్‌పుట్ పెన్సిల్‌తో గీసేవాళ్లం. మార్క్యూ అవుట్‌పుట్ ఎలా గీయాలో ఎవరికీ తెలియలేదు. కదిలేదాన్ని కాగితం మీద ఎలా గీస్తాం? అక్షరాల పక్కన ఓ బాణం గుర్తు వేసి ఇచ్చాం, సార్ సంతకం పెట్టేశారు.

అప్పట్లో కోడ్ చేత్తో రాయించడం చూసి నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు మా దగ్గరకు వచ్చే పిల్లల్లో చాలామంది ఎడిటర్ పూర్తి చేసి పెడితే తప్ప ఒక ఫారం కూడా సొంతంగా మొదలుపెట్టలేరు. ఏ ట్యాగ్ ఎక్కడ తెరిచామో, ఎక్కడ మూశామో గుర్తుండటం చిన్న విషయమేమీ కాదు. పేజీ చెదిరిపోయినప్పుడు తప్పు దొరికేది దానివల్లే. రికార్డు రాయడం మీద నాకిప్పుడు అంత కోపం లేదు.

ఇక ఆ ట్యాగ్‌లు ఎందుకు పాతబడ్డాయో తెలిస్తే, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో మీకే తేలిపోతుంది. టిమ్ బెర్నర్స్-లీ 1989లో సెర్న్ పరిశోధన సంస్థలో వెబ్ ఆలోచన పెట్టింది శాస్త్రవేత్తలు పత్రాలు పంచుకోవడం కోసం. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది లింకు అని ట్యాగ్‌లతో చెప్పడమే వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్ పని. జనం చేతికొచ్చాక రంగులు కావాలన్నారు, సోకులు కావాలన్నారు. దాంతో బ్రౌజర్లు చేసే కంపెనీలు ఫాంట్, సెంటర్, మార్క్యూ లాంటివి తెచ్చిపెట్టాయి. రూపం సంగతి విడిగా చూసుకోవడానికి 1994లో హోకున్ లీ సీఎస్ఎస్ అనే విడి భాషను ప్రతిపాదించాడు, 1996 డిసెంబరులో అది ప్రమాణమైంది. మరుసటి ఏడాదే హెచ్‌టీఎంఎల్ 4.0 వచ్చి ఫాంట్ ట్యాగ్ ఇక వాడొద్దని చెప్పింది. అంటే మీరు పుట్టకముందే అది కొట్టుడుపోయింది. 2014లో ఖరారైన హెచ్‌టీఎంఎల్5లో ఫ్రేమ్‌సెట్‌కూ చోటు లేదు.

కాబట్టి రూపం గురించి చెప్పే ట్యాగ్‌లు ఏవున్నా పరీక్షకు రాసి వదిలేయండి. అర్థం గురించి చెప్పేవి మాత్రం గట్టిగా పట్టుకోండి. శీర్షికలు, పేరాలు, జాబితాలు, లింకులు, బొమ్మలో ఏముందో మాటల్లో చెప్పే ఆల్ట్ వాక్యం. అన్నిటికన్నా ముఖ్యంగా ఫారంలు. మీ సిలబస్‌లో ఫారంల పాఠం తప్పకుండా ఉంటుంది, అందరూ దాన్ని దాటేస్తారు. ఫోన్ నంబరు అడిగే గడికి టైపు "టెల్" అని ఇస్తే ఫోన్‌లో అంకెల కీప్యాడ్ వస్తుంది, "టెక్స్ట్" అని వదిలేస్తే అక్షరాల కీబోర్డు వస్తుంది. ఒక్క పదమే తేడా. ఎండలో నిలబడి, చేతిలో సంచి పట్టుకుని పది అంకెలు కొట్టే మనిషికి ఆ తేడా బాగా తెలుస్తుంది. గడి పక్కన రాసే పేరును, అంటే లేబుల్‌ను, గడికి సరిగ్గా కలిపితే, లేబుల్ మీద నొక్కినా కర్సర్ గడిలోకి వెళ్తుంది, చూపు లేనివాళ్లకు తెర మీదిది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు ఆ గడి పేరు తెలుస్తుంది.

టేబుల్ ట్యాగ్ గురించి చిన్న మాట. టేబుల్స్‌తో పేజీ మొత్తం కట్టడం ఎప్పుడో పోయింది. కానీ ఈమెయిల్‌లో పంపే ప్రకటనలు, రసీదులు ఇప్పటికీ టేబుల్స్‌తోనే కడతారు. విండోస్‌లో చాలామంది వాడే పాత (క్లాసిక్) అవుట్‌లుక్ మెయిల్ ప్రోగ్రామ్ 2007 నుంచీ వర్డ్ ఇంజిన్‌తో మెయిల్ చూపిస్తూ రావడం దానికి పెద్ద కారణం. మా ఆఫీసులో ఆ పని వస్తే కుర్రాళ్లు నా దగ్గరికే పరుగెత్తుకొస్తారు. డిగ్రీలో నేర్చుకున్న, పట్టికలో గడులను కలిపే రోస్పాన్, కోల్‌స్పాన్ ఇలా అన్నం పెడతాయని అనుకోలేదు.

ఇక అసలు విషయం. నాకు వెబ్ డిజైన్ నేర్పింది మా బాబాయి. ఆయన చదివింది ఏడో తరగతి.

ఆయనకు టెంట్ హౌస్ ఉంది. షామియానాలు, కుర్చీలు, వంట పాత్రలు అద్దెకిస్తాడు. ఆయన అడక్కపోయినా ఆఖరి సంవత్సరంలో ఉబలాటం కొద్దీ వెబ్‌సైట్ చేశాను. నేర్చుకున్నదంతా అందులో గుమ్మరించాను. ముందు, కదిలే బొమ్మలు చేసే ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌తో తెర లేచే ఇంట్రో, గంటల శబ్దంతో సహా. ఎడమ ఫ్రేమ్‌లో మెనూ. పైన మార్క్యూలో "స్వాగతం సుస్వాగతం". అడుగున ఎంతమంది చూశారో చెప్పే కౌంటరు, అందులో తొంభై శాతం నేనే. ఫోన్ నంబరును ఫొటోషాప్‌లో బంగారు రంగు అక్షరాలతో బొమ్మగా చేసి చివర పెట్టాను.

నెట్ సెంటర్‌కు తీసుకెళ్లి చూపించాను. ఇంట్రో లోడ్ అయ్యేసరికి రెండు నిమిషాలు పట్టింది. బాబాయి చేతులు కట్టుకుని ఓపిగ్గా కూర్చున్నాడు. తెర లేచింది, గంటలు మోగాయి, పక్క క్యాబిన్ కుర్రాడు తొంగి చూశాడు. అంతా అయ్యాక బాబాయి అడిగిన మొదటి మాట: "బానే ఉంది గానీ, కుర్చీ రోజుకెంతని ఎక్కడ రాశావురా?"

రాయలేదు. ఆ సంగతే నాకు తట్టలేదు.

"మరి మన నంబరేదీ?" అన్నాడు. స్క్రోల్ చేసి కిందికి తీసుకెళ్లాను. కళ్లు చికిలించి చూసి "పాంప్లెట్ మీదైతే నంబరు పైనే పెద్దగా వేయిస్తాం కదా" అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఈయనకేం తెలుసు ఫ్లాష్ గురించి అనుకున్నాను. తర్వాత ఫ్లాష్ ఏమైందో మీకు తెలుసు, 2020 డిసెంబరు 31తో అడోబీ దానికి మంగళం పాడేసింది. నేను నెలల తరబడి కష్టపడి నేర్చుకున్న ఫ్లాష్ భాష యాక్షన్‌స్క్రిప్ట్ గంగలో కలిసింది. బాబాయి అడిగిన రెండు ప్రశ్నలు మాత్రం ఇవాళ్టికీ ప్రతి కొత్త ప్రాజెక్టులో నేను అడుగుతూనే ఉన్నాను: వచ్చినవాళ్లకు ఏం కావాలి, అది ఎక్కడుంది?

2017లో ఆ సైటు మళ్లీ చేశాను. అప్పటికి మా ఊళ్లో ఇంటర్నెట్ అంటే ఫోనే. ఒకటే పేజీ. పైన నంబరు, నొక్కితే నేరుగా కాల్ వెళ్తుంది. కింద అద్దెల పట్టిక, దానికి టేబుల్ ట్యాగే వాడాను, అది నిజంగానే పట్టిక కాబట్టి. నాలుగు ఫొటోలు. ఒక సాయంత్రం పని. పెళ్లిళ్ల సీజన్ ముందు రేట్లు మార్చమని బాబాయి ఇప్పటికీ ఫోన్ చేస్తుంటాడు.

మీరు చేయాల్సిన పేజీ కూడా ఇలాంటిదే. మీ వీధిలో టైలర్ ఆంటీ, ట్యూషన్ చెప్పే అక్క, హాస్టల్ పక్క కర్రీ పాయింట్, ఎవరైనా సరే. చేసి, పేజీలను నెట్‌లో ఉంచే గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టండి, దానికి ఖర్చేమీ ఉండదు. లింకు వాట్సాప్‌లో పంపించి, వాళ్ల పక్కన కూర్చోండి. కూర్చుని నోరు మెదపకండి. "ఇక్కడ నొక్కండి ఆంటీ" అని మీరు అనాల్సి వచ్చిన ప్రతి చోటా మీ డిజైన్‌లో తప్పుందని గుర్తు. కాలేజీలో దొరకనిది ఈ ఒక్కటే. అక్కడ మీ పేజీ చూసేది మీరూ, సారూ. ఇద్దరికీ ఆ పేజీతో పని లేదు.

పేజీ తెలుగులో చేస్తే ఇంకా మంచిది, ఎందుకంటే సిలబస్‌లో గానీ వీడియోల్లో గానీ ఎవరూ చెప్పని కష్టాలు అక్కడే ఎదురవుతాయి. గత ఏడాది కోనసీమ నుంచి ఒక అమ్మాయి మా దగ్గరకు ఇంటర్న్‌గా వచ్చింది. పూతరేకులు చేసే తమ బంధువుల కోసం పేజీ చేసింది. చక్కటి ఫొటోలు, రామభద్ర ఫాంట్‌లో పెద్ద శీర్షిక. "స్వచ్ఛమైన నెయ్యితో" అని ఉండాలి. తెర మీద "సచమైన" అని కనిపిస్తోంది. వా ఒత్తు లేదు, ఛా ఒత్తు లేదు. ఆ పిల్ల స్పెల్లింగ్ పదిసార్లు సరిచూసుకుందట, టైపింగ్‌లో తప్పేమీ లేదు.

కారణం ఏమిటంటే, ఆమె ఒక ఇంగ్లిష్ టెంప్లేట్ తీసుకుంది. అందులో శీర్షికకు వరుస ఎత్తు, అంటే లైన్ హైట్ 1, పెట్టె దాటినదాన్ని దాచేయమని ఓవర్‌ఫ్లో హిడెన్. ఇంగ్లిష్ అక్షరాలకు అది సరిపోతుంది. మన ఒత్తులు వరుస కిందికి దిగుతాయి కాబట్టి కత్తిరించేసింది. లైన్ హైట్ 1.6 చేసి, ఆ హిడెన్ తీసేయగానే ఒత్తులు దిగి వచ్చాయి. తెలుగుకు ఇంగ్లిష్ కన్నా వరుసల మధ్య చోటు ఎక్కువ ఇవ్వాలి, సైజు కూడా ఓ పిసరు పెంచాలి. అక్షరాల మధ్య దూరం పెంచే లెటర్ స్పేసింగ్ జోలికి వెళ్లకండి. ఇటాలిక్ కూడా వద్దు, మన లిపికి అది నప్పదు, బ్రౌజర్ ఊరికే అక్షరాన్ని పక్కకు వంచుతుంది.

అదే మాటను ఇంకో వైపు నుంచి చూడండి. "స్వచ్ఛమైన" మన కంటికి 4 అక్షరాలు. అన్ని లిపుల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో 9 సంకేతాలు, వాటిని ఫైల్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 27 బైట్లు. జావాస్క్రిప్ట్‌లో పొడవు అడిగితే 9 అంటుంది. వార్తల శీర్షికలు పొడవైనప్పుడు మొదటి ఇన్ని అక్షరాలు చూపించి చుక్కలు పెట్టమంటారు కదా, ఈ సంగతి తెలియకుండా కోస్తే చివర పొల్లు వేలాడుతుంది. ఇలాంటిది ఒక్కటి సొంతంగా ఎదుర్కొని సరిచేసి ఉంటే ఇంటర్వ్యూలో దాని గురించే పదిహేను నిమిషాలు మాట్లాడుకోవచ్చు.

ఫాంట్లకు కొదవ లేదు. మండలి, ఎన్టీఆర్, సురవరం, నోటో సాన్స్ తెలుగు, అన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితమే. ఒకటి, మహా అయితే రెండు చాలు, గుణింతాలు ఒత్తులు అన్నీ ఉండాలి కాబట్టి తెలుగు ఫాంట్ ఫైళ్లు బరువు. ఫొటోలు ఫోన్‌తో తీసినవి తీసినట్టు పెట్టకండి, ఒక్కోటి 4 ఎంబీ ఉంటుంది. వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గిస్తే చాలావరకు 200 కేబీ లోపే వస్తుంది. లేత బూడిద రంగు అక్షరాలు ల్యాప్‌టాప్‌లో ముద్దుగా ఉంటాయి, ఎండలో ఫోన్ మీద మాయమైపోతాయి. మామూలు అక్షరాలకు వెనక రంగుతో కనీసం 4.5కు 1 తేడా ఉండాలని ప్రమాణం, క్రోమ్‌లో డెవలపర్ టూల్స్ తెరిస్తే ఆ లెక్క అదే చూపిస్తుంది.

అమీర్‌పేట సంగతి. కోర్సులు చెడ్డవని కాదు. మైత్రీవనం చుట్టుపక్కల చదువుకుని బాగుపడినవాళ్లు నా పక్క సీట్లలోనే ఉన్నారు. అక్కడ దొరికేది వేగం, తోడు. కానీ పునాది లేకుండా వెళ్తే రెండో వారానికే రియాక్ట్‌లో (జావాస్క్రిప్ట్‌తో సైట్లు కట్టే సాధనం) పడేస్తారు. ఈమధ్య ఒక కుర్రాడు ఇంటర్వ్యూకి వచ్చాడు. రియాక్ట్‌లో షాపింగ్ సైటు చేశాడు, చూడ్డానికి బాగుంది. మౌస్ వదిలేసి ట్యాబ్ కీతో "కార్ట్‌లో వేయి" బటన్ దగ్గరికి వెళ్లమన్నాను. వెళ్లలేకపోయాడు. అది బటనే కాదు, బటన్‌లా రంగులద్దిన డివ్, అంటే ప్రత్యేక అర్థమేమీ లేని ఖాళీ పెట్టె. మీ నోట్స్‌లో బటన్ ట్యాగ్ ఉంది చూడండి, ఏ మూడో పాఠంలోనో.

సీఎస్ఎస్‌లో పేజీలోని భాగాలను అమర్చే ఫ్లెక్స్‌బాక్స్, గ్రిడ్, ఫోన్‌కూ ల్యాప్‌టాప్‌కూ సర్దుకునే రెస్పాన్సివ్ పద్ధతి, కాస్త జావాస్క్రిప్ట్. ఇవి సెలవుల్లో సొంతంగా నేర్చుకోవచ్చు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే మొజిల్లా వాళ్ల ఎండీఎన్ సైటులో పాఠాలన్నీ ఉచితం. ఇంగ్లిష్ కష్టమనిపించినా అదే చదవండి, రేపు ఉద్యోగంలో కూడా రోజూ తెరిచేది అదే. ఇది చేసి, ఒక పేజీ నెట్‌లో పెట్టాక, ఇంకా కోర్సు కావాలనిపిస్తే వెళ్లండి. ఒక్క మినహాయింపు ఉంది. ఇంట్లో కంప్యూటర్ లేక, ల్యాబ్‌లో వారానికి రెండు గంటలే దొరుకుతుంటే, సిస్టమ్ ఇచ్చే సెంటర్ ఏదైనా మీ ఊళ్లోనే చూసుకుని చేరడంలో తప్పు లేదు. అప్పుడు మీరు డబ్బు కట్టేది ఆ సిస్టమ్ కోసం, సిలబస్ కోసం అనుకోకండి.

"చాట్‌జీపీటీ రెండు నిమిషాల్లో పేజీ రాసిస్తుంటే ఇదంతా దేనికి" అని మీ ఫ్రెండ్స్ అంటున్నారన్నారు. రాసిస్తుంది, నేనూ రోజూ వాడతాను. కానీ టైలర్ ఆంటీ ఫోన్‌లో ఒత్తు తెగిందో లేదో దానికి తెలియదు. అది రాసిచ్చిన నూట యాభై లైన్లలో ఏ లైను తీసేయాలో చెప్పగలిగినవాళ్లనే మేము తీసుకుంటున్నాం.

సార్ గురించి కూడా ఒక మాట. ప్రశ్నపత్రం ఎలా వస్తుందో అలా చెప్పాల్సిన ఇబ్బంది ఆయనది. వాదించకండి. మీరు చేసిన పేజీ లింకు తీసుకెళ్లి చూపించండి. మా కాలేజీలో ఒకరిద్దరు లెక్చరర్లు ఇలాంటివి చూసి మాకంటే ఎక్కువ సంబరపడ్డారు, ల్యాబ్ తాళాలు కూడా ఇచ్చేవారు.

చివరిగా ప్రాక్టికల్స్. మా ఎక్స్‌టర్నల్ రోజున నా పేజీలో ఉన్న ఆరు బొమ్మలూ ఆరు ఎర్ర ఇంటూ మార్కులై కూర్చున్నాయి. ముందు రోజు దాకా అన్నీ వచ్చాయి. నేనేం చేశానంటే, బొమ్మ చిరునామాలో సీ డ్రైవ్ నుంచి మొదలుపెట్టి నా సిస్టమ్‌లోని దారి మొత్తం రాసేశాను. పరీక్ష రోజు వేరే సిస్టమ్ ఇచ్చారు, అక్కడ ఆ దారి లేదు. ఎగ్జామినర్ "ఇవేంటి బాబూ, డిజైనా?" అన్నారు. పదికి నాలుగు.

మీరు బొమ్మలన్నీ పేజీ ఉన్న ఫోల్డర్‌లోనే "ఇమేజెస్" అని చిన్న ఫోల్డర్ పెట్టి, అక్కడి నుంచే దారి ఇవ్వండి. ఫైళ్ల పేర్లన్నీ చిన్న బడి అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా పెట్టుకోండి. విండోస్‌లో ఫొటో పేరు పెద్ద అక్షరాల్లో ఉన్నా చిన్న అక్షరాల్లో ఉన్నా తెరుచుకుంటుంది, రేపు గిట్‌హబ్‌లో పెడితే తెరుచుకోదు. తెలుగులో రాస్తే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఎంచుకుని సేవ్ చేయండి. ల్యాబ్‌లో విండోస్ పాతదైతే నోట్‌ప్యాడ్ తనంతట తాను తెలుగు అక్షరాలు పట్టని పాత ఎన్‌కోడింగ్ ఆన్సీలో సేవ్ చేసి, మీ అక్షరాలన్నిటినీ ప్రశ్నార్థకాలు చేసేస్తుంది. పరీక్షకు ముందు రోజు ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, మీ ఫ్రెండ్ సిస్టమ్‌లో పెట్టి ఒకసారి తెరిచి చూసుకోండి.